జత విడదీస్తే దొంగకు పనికిరాదు: మంచు విహారంలో స్కీల భద్రత

బరంపురంలో రెండేళ్లకోసారి జరిగే బుడీ ఠాకురాణి యాత్ర రోజుల్లో గానీ, రాయగడలో మజ్జిగౌరి అమ్మవారి గుడి ముందు గానీ, చెప్పులు విడిచే చోట కాసేపు నిలబడితే ఒక చిన్న తంతు కంటపడుతుంది. అనుభవం ఉన్న పెద్దావిడ ఎవరో కుడి చెప్పును మెట్ల పక్కన విడిచి, ఎడమ చెప్పును పది అడుగుల అవతల కొబ్బరికాయల దుకాణం ముందు విడుస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు వెనక్కి తిరిగి కూడా చూడరు. ఒంటి చెప్పుతో ఎవరికీ పని లేదు, రెండోదాన్ని ఆ కుప్పలో వెతికేంత తీరిక దొంగకు ఉండదు. తాళం, కాపలా, టోకెను ఏవీ లేని ఈ ఏర్పాటు వెనక ఒక లెక్క ఉంది. అక్కడికి దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరంలో, కాశ్మీరు కొండల మీద, స్కీలను, అంటే కాళ్లకు కట్టుకుని మంచులో జారే పొడవాటి పలకలను, కాపాడుకునేవారు వాడేదీ అదే లెక్క.

ఈ పోలిక వేళాకోళం కాదు. ఒడిశా సరిహద్దు జిల్లాల్లోని తెలుగు కుటుంబాలకు చలికాలపు విహారం అంటే చాలాకాలం దరింగిబాడి మాత్రమే. సుమారు మూడు వేల అడుగుల ఎత్తున, ఒడిశా కాశ్మీరు అని పేరు పడిన ఆ ఊళ్లో మిరియాల తోటలు, పైన్ చెట్లు, తెల్లవారుజామున గడ్డి మీద పేరుకునే మంచు పొర చూసి తిరిగి రావడంతో ముచ్చట తీరేది. ఇప్పుడు బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, జయపురం వైపు నుంచి కుటుంబాలు కాశ్మీరులోని గుల్మర్గ్‌కు, మనాలి దగ్గరి సోలంగ్ లోయకు, ఉత్తరాఖండ్‌లోని ఔలీకి కూడా వెళ్తున్నాయి. జర్మనీలోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల దగ్గరకు వెళ్లి, అక్కడి మంచు కొండల మీద కాళ్లకు స్కీలు కట్టుకున్నవారూ ఉన్నారు. వీరిలో దాదాపు అందరూ స్కీలను అద్దెకు తీసుకునేవారే. భద్రత గురించిన సలహాలు మాత్రం ఎక్కువగా సొంత స్కీలున్నవారిని దృష్టిలో పెట్టుకుని పుట్టినవి. అందుకే వాటిని ఉన్నవి ఉన్నట్టుగా తలకెత్తుకుంటే, అద్దెదారుకు కొన్ని చోట్ల పనికిరావు, కొన్ని చోట్ల చాలవు.

ఈ వస్తువు ఎందుకు పోతుంది

ఎంత విలువైన వస్తువైనా జేబులోనో చేతిసంచిలోనో ఉన్నంతసేపు దానికి కొంత రక్షణ ఉంటుంది. స్కీకి ఆ వీలు లేదు. పెద్దవారు వాడే స్కీలు సాధారణంగా 150 నుంచి 180 సెంటీమీటర్ల పొడవుంటాయి. అంచుల వెంట పదునైన ఉక్కు పట్టీలు ఉంటాయి, అడుగున మంచు కరిగి నీరు కారుతూ ఉంటుంది. కాబట్టి భోజనశాలల్లోకి, టీ దుకాణాల్లోకి, మరుగుదొడ్లలోకి వాటిని తీసుకుపోనివ్వరు. తలుపు బయట ఉన్న కర్ర దూలానికి లేదా ఇనుప ర్యాక్‌కు ఆనించి లోపలికి వెళ్లవలసిందే. గుడి ముందు చెప్పులు విడవడం ఆచారమైతే, భోజనశాల ముందు స్కీలు విడవడం నిర్బంధం. ఆ విధంగా, యూరప్‌లో, స్కీకి బూటును పట్టి ఉంచే బైండింగులతో కలిపి, కొన్ని వందల యూరోలు పలికే వస్తువు, రోజూ మధ్యాహ్నం ఒక గంటసేపు, యజమాని కంటికి ఆనని చోట, ఎవరి చేతికైనా అందేలా నిలబడి ఉంటుంది.

పైగా అక్కడ మనిషిని గుర్తుపట్టడం కష్టం. తలకు హెల్మెట్, కళ్లకు పెద్ద అద్దాలు, మూతికి గుడ్డ, ఒంటికి మందపాటి కోటు ఉన్న మనిషి ఆడో మగో కూడా దూరానికి తెలియదు. భుజాన స్కీలు వేసుకుని నడిచిపోయే మనిషి మంచు విహారస్థలంలో అత్యంత మామూలు దృశ్యం. అతన్ని ఆపి ఇవి నీవేనా అని అడిగేవారు ఎవరూ ఉండరు. ఇంకో చిత్రమేమంటే ఇక్కడ ఎత్తుకుపోయే వస్తువే పారిపోయే వాహనం కూడా. బూటు సరిపోతే చాలు, దొంగ దాన్నే కాళ్లకు తొడుక్కుని రెండు నిమిషాల్లో కొండ కిందికి జారిపోగలడు.

అయితే పోయిన ప్రతి జతా దొంగతనమే అనుకోవడం తొందరపాటు. అద్దె దుకాణాలు ఒకే కంపెనీ, ఒకే రంగు, ఒకే నమూనా స్కీలను పదుల జతల చొప్పున కొంటాయి. గుడి ముందు నీలం పట్టీల హవాయి చెప్పులు కుప్పగా పడి ఉన్నప్పుడు ఏవి ఎవరివో తేలనట్టే, ర్యాక్‌లో వరసగా నిలబెట్టిన అద్దె స్కీలు కూడా కలగలిసిపోతాయి. పొరపాటున తీసుకుపోయినవాడికి అది తనది కాదని సాయంత్రం దుకాణంలో అప్పగించేదాకా తెలియకపోవచ్చు. ఇది వస్తువు పోవడంతో ఆగే సంగతి కాదు. స్కీ బైండింగులను, తీసుకునే మనిషి బరువు, ఎత్తు, వయసు, నైపుణ్యం, బూటు అడుగు పొడవు చూసి బిగిస్తారు. డిన్ అంకె అని పిలిచే ఆ కొలత మీద ఆధారపడే, పడిపోయినప్పుడు బూటు సరైన క్షణంలో విడివడుతుంది. బరువైన మనిషికి బిగించిన జత తేలికపాటి అమ్మాయి కాళ్లకు చేరితే, పడినప్పుడు అది విడివడక మోకాలు మెలితిరగవచ్చు. కాబట్టి తన జతను తాను గుర్తుపట్టడం అద్దెదారుకు డబ్బు సంగతి మాత్రమే కాదు, ఎముకల సంగతి కూడా.

జత విడదీయడం: ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

స్కీల బైండింగులకు బ్రేకులు ఉంటాయి. బూటు విడిపోగానే కిందికి దిగి మంచులో గుచ్చుకుని, స్కీ కొండ కిందికి పరుగెత్తకుండా ఆపే రెండు చిన్న కొమ్ములు అవి. రెండు స్కీలను అడుగూ అడుగూ కలిపి పెడితే ఈ కొమ్ములు ఒకదానిలో ఒకటి చిక్కుకుని జత ఒకే మోపులా నిలబడుతుంది. మోయడానికి ఇది సుఖం. ఇలా కట్టిపెట్టిన మోపును ర్యాక్‌లో వదలడం దొంగకు చేసిపెట్టిన ఉపకారం అవుతుంది. ఒక్క చేత్తో లాగి, భుజాన వేసుకుని, నడిచిపోవడానికి అతనికి ఐదు క్షణాలు చాలు.

విడదీస్తే లెక్క మారుతుంది. ఒక స్కీని తలుపు దగ్గరి ర్యాక్‌లో, రెండోదాన్ని భవనం అవతలి పక్క ర్యాక్‌లో పెడితే, దొంగ ఒంటి స్కీతో ఏం చేసుకోవాలో తెలియక నిలబడాలి, లేదా జోడు కోసం వెతకాలి. వెతికే మనిషి నలుగురి కంటా పడతాడు. నలుగురు కలిసి వెళ్లినప్పుడు ఇంకో పద్ధతి ఉంది. అన్న స్కీ ఒకటి, వదినది ఒకటి కలిపి ఒక మోపుగా, మిగిలిన రెండూ కలిపి ఇంకో మోపుగా నిలబెడతారు. చూడటానికి ప్రతి మోపూ జతలాగే ఉంటుంది గానీ పొడవులు కలవవు. తొందరలో ఎత్తుకుపోయినవాడికి ఆ సంగతి కొండ అంచున తెలుస్తుంది. ఇది కొంచెం కొంటెతనం అనిపించినా, ఖర్చు లేని ఉపాయాల్లో దీన్ని మించినది లేదు.

ఇక్కడే చెప్పులకూ స్కీలకూ మధ్య ఒక ముఖ్యమైన తేడాను గమనించాలి. చెప్పుకు కుడి ఎడమలు ఉంటాయి. కొండవాలున జారే స్కీలలో చాలా నమూనాలకు ఆ తేడా లేదు. ఏ స్కీ ఏ కాలికైనా సరిపోతుంది. అంటే ఒకే నమూనా, ఒకే పొడవు అద్దె స్కీలు ఇరవై ముప్పై ఉన్న ర్యాక్‌లో, ఒక అద్దెదారు ఒంటి స్కీని, అవతల ఎవరో విడదీసి పెట్టిన మరో ఒంటి స్కీని కలిపితే పనికొచ్చే జత తయారవుతుంది. సొంత స్కీల యజమానికి నిక్షేపంగా పనిచేసే ఉపాయం అద్దెదారు దగ్గర సగం బలం కోల్పోయేది ఇందువల్లే. విడదీసిన జత దొంగను ఆపినా, పొరపాటున తీసుకుపోయేవారిని ఆపదు, పైపెచ్చు కలగాపులగాన్ని పెంచవచ్చు. కాబట్టి అద్దె జతను విడదీసేవారు ముందు దానికి గుర్తు పెట్టి తీరాలి.

గుర్తు పెట్టడానికి పెద్ద సరంజామా అక్కర్లేదు. ఎలక్ట్రీషియన్లు వాడే రంగు టేపు ఒక చుట్ట బరంపురంలో ఏ హార్డ్‌వేర్ దుకాణంలోనైనా దొరుకుతుంది. స్కీ పైభాగాన, ముందు కొస దగ్గర, రెండు అంగుళాల ముక్క అంటించాలి. అడుగున గానీ, ఉక్కు అంచుల మీద గానీ టేపు తగలకూడదు, తగిలితే జారడం చెడిపోతుంది. చలిలో తడి మీద టేపు పట్టదు కాబట్టి ఈ పని గదిలో, స్కీని తుడిచి ఆరబెట్టిన తరువాత చేయాలి. మెరూన్ రంగో పసుపో అయితే తెల్లటి మంచులో దూరానికే కనిపిస్తుంది. దాని మీద పేరును తెలుగు అక్షరాల్లో రాసుకుంటే మరో లాభం ఉంది. ఆ ర్యాక్‌లో అలాంటి రాత రెండో జత మీద ఉండే అవకాశం చాలా తక్కువ, ఎదుటివాడు ఇది నాదే అని వాదించడానికీ సందు ఉండదు. ఫోను నంబరు మాత్రం మామూలు అంకెల్లోనే వేయాలి, దొరికినవారు చదవగలగాలి కదా. అద్దె స్కీ మీద శాశ్వత సిరాతో రాయడం, గీతలు గీయడం చేస్తే దుకాణదారు నష్టం కింద లెక్క కడతాడు. టేపు అయితే తిరిగి ఇచ్చేటప్పుడు పీకేయవచ్చు.

తాళం విషయం

విహారానికి వచ్చేవారి కోసం అమ్మే స్కీ తాళాలు ఎక్కువగా సన్నని ఉక్కు తీగతో, అంకెల చక్రాలతో, అరచేతిలో ఇమిడేవి. తీగను లాగి, స్కీల చుట్టూ తిప్పి, కొసను డబ్బీలో గుచ్చాలి. ఈ తీగ మంచి కట్టింగ్ ప్లయరుకు ఎంతోసేపు నిలవదన్నది నిజమే. దాన్ని బట్టి తాళం దండగ అనుకోవడం తప్పు. మధ్యాహ్నం భోజనశాల ముందు, వంద మంది నడుస్తున్న చోట, ప్లయరు తీసి తీగ కత్తిరించే మనిషి ఇక మామూలు దృశ్యం కాదు. స్కీలు మోసుకుపోయే మనిషికి ఉన్న ముసుగు ఆ క్షణంతో ఊడిపోతుంది. తాళం పక్కన తాళం లేని జతలు పది ఉన్నప్పుడు, అవకాశం కోసం చూసేవాడు ఏ జతను ఎంచుకుంటాడో ఊహించడం కష్టం కాదు. ఇందులో పక్కవాడికి కీడు తలపెట్టినట్టు ఉందని కొందరికి అనిపించవచ్చు గానీ, వీధిలో నిలిపిన సైకిళ్ల విషయంలోనూ అదే సూత్రం నడుస్తుంది.

అంకెల తాళం కొనేటప్పుడు ఒక చిన్న లెక్క వేసుకోవాలి. మూడు చక్రాల తాళానికి 1,000 కలయికలు ఉంటాయి. సెకనుకు ఒకటి చొప్పున తిప్పి చూసినా 17 నిమిషాల లోపే అన్నీ అయిపోతాయి. నాలుగు చక్రాలదైతే కలయికలు 10,000, అదే వేగంతో రెండున్నర గంటలు దాటుతుంది. నలుగురూ తిరిగే చోట అంతసేపు నిలబడి తిప్పడం ఎవరికీ కుదరదు కాబట్టి ఒక పూట భోజనానికి మూడు చక్రాలు చాలు, రాత్రంతా వదలడానికి నాలుగు చక్రాలు కూడా చాలవు. తీగను ఎక్కడ తిప్పుతున్నామన్నది ఇంకా ముఖ్యం. బైండింగుకు ముందు ముక్క, మడమ ముక్క అని రెండు భాగాలు ఉంటాయి. వాటి మధ్యన, స్కీ నడుము చుట్టూ తీగను తిప్పితే ఆ ముక్కలు అడ్డుపడి తీగ ఇటు గానీ అటు గానీ జారి ఊడిరాదు. స్కీ కొస దగ్గర తిప్పితే మాత్రం తాళం వేసినట్టే ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది. రెండు స్కీలను ఒకదానికొకటి కట్టి ఊరుకుంటే దొంగకు మోపు కట్టి ఇచ్చినట్టే అవుతుంది కాబట్టి, నేలలో పాతిన ర్యాక్ కమ్మీని కూడా ఆ చుట్టులో కలపాలి.

చలి తాళాన్ని కూడా వదలదు. చక్రాల సందుల్లోకి చేరిన మంచు నీరు సాయంత్రానికి గడ్డకట్టి, యజమానికే తెరుచుకోని పరిస్థితి వస్తుంది. అలాంటప్పుడు వేడినీళ్లు పోస్తే కాసేపటికి అవే మళ్లీ గడ్డకట్టి ఇబ్బందిని రెట్టింపు చేస్తాయి. అరచేతిలో మూసి వెచ్చబెట్టడం నెమ్మదైన పనే అయినా అదే సరైన పని. వాడనప్పుడు తాళాన్ని కోటు లోపలి జేబులో ఉంచుకుంటే ఈ బెడద చాలావరకు ఉండదు.

చిన్న ట్రాకర్ల మీద ఇప్పుడు చాలామందికి నమ్మకం కుదిరింది. యాపిల్ కంపెనీ 2021లో తెచ్చిన ఎయిర్‌ట్యాగ్ వంటివి తమంతట తాము ఉపగ్రహంతో మాట్లాడవు. దగ్గరలో ఉన్న ఆ కంపెనీ ఫోన్లు వాటి ఉనికిని పసిగట్టి యజమానికి చేరవేస్తాయి. ఆల్ప్స్ పర్వతాల్లోని రద్దీ రిసార్టులో ఇది బాగానే నడుస్తుంది. ఐఫోన్లు తక్కువగా ఉండే మన దేశపు కొండ ఊళ్లలో, అదీ జనం పలచబడిన చోట, సమాచారం ఆలస్యంగా అందుతుంది, ఒక్కోసారి అందదు. దీనికి తోడు జమ్మూ కాశ్మీరులో ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు. బరంపురంలో రీచార్జి చేయించుకున్న ఫోను శ్రీనగర్‌లో దిగగానే మూగబోతుంది, పోస్ట్‌పెయిడ్ కనెక్షన్ ఉంటేనే పలుకుతుంది. ట్రాకర్ ఉందన్న ధీమాతో వెళ్లి, ఫోనే పలకని స్థితిలో పడటం కన్నా ఈ సంగతి ముందే తెలుసుకోవడం మేలు.

ఎక్కడ వదులుతున్నారు, ఎంతసేపు

గుల్మర్గ్‌లో గంట లెక్కన స్కీలు తీసుకుని, పక్కనే శిక్షకుడు నిలబడి ఉండగా, చిన్న వాలు మీద నాలుగుసార్లు జారి తిరిగి ఇచ్చేసే కుటుంబానికి ఈ వ్యాసంలోని సగం విషయాలతో అవసరం పడదు. స్కీలు కాళ్లను వదిలేది తిరిగి ఇచ్చేటప్పుడే కాబట్టి అక్కడ దొంగకు సందే దొరకదు. కొన్ని రోజుల శిక్షణకు చేరినవారి పరిస్థితి వేరు. 1968 నుంచి గుల్మర్గ్‌లో నడుస్తున్న కేంద్ర పర్యాటక శాఖ వారి స్కీయింగ్, పర్వతారోహణ సంస్థ వంటి చోట శిక్షణ తీసుకుంటే సామగ్రి సంస్థ లెక్కలోనే ఉంటుంది. బయట దుకాణంలో వారం రోజులకు అద్దెకు తీసుకుంటే మాత్రం, పగలు భోజనవేళ, సాయంత్రం టీ వేళ, రాత్రి బస వేళ, ఇలా రోజుకు మూడుసార్లు వాటిని ఎక్కడో ఒకచోట వదలాలి.

తీగల మీద కొండెక్కించే గొండోలా (రోప్‌వే) ఎక్కేచోటు కూడా గమనించదగినదే. సముద్రమట్టానికి సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న గుల్మర్గ్ నుంచి గొండోలా తొలి దశ 1998లో కొంగ్‌డోరి దాకా, రెండో దశ 2005లో 3,900 మీటర్లు దాటిన అఫర్వత్ దాకా మొదలయ్యాయి. లోకంలోని చాలా గొండోలాల్లో స్కీలను క్యాబిన్ బయట ఉన్న గూళ్లలో గుచ్చి, మనిషి లోపల కూర్చుంటాడు. దిగేచోట క్యాబిన్ పూర్తిగా ఆగదు, నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. ఆ హడావిడిలో ముందు దిగినవాడు చేతికందిన జతను లాగేస్తాడు. తన జత ఏ గూట్లో ఉందో ఎక్కేటప్పుడే చూసి పెట్టుకుని, దిగగానే టేపు గుర్తును చూసి తీసుకోవడం ఇక్కడ చేయగలిగిన పని.

భోజనవేళ గాజు కిటికీ పక్క బల్ల దొరికితే, ఆ కిటికీ ఎదుటి ర్యాక్‌లోనే స్కీలు పెట్టాలి. జారేటప్పుడు చేత పట్టుకునే ఊత కర్రలను కూడా అక్కడే వదలడం చాలామంది చేసే పొరపాటు. అవి తేలిక, చవక, పైగా ఒకేలా ఉంటాయి. అందుకే స్కీల కన్నా ముందు మాయమయ్యేవి అవే. రాత్రి మాటకొస్తే, అద్దె దుకాణమే తన గదిలో ఉంచుతానంటే అంతకు మించినది లేదు. మరునాడు ఉదయం అదే జతను తిరిగి ఇస్తానన్న మాటను రసీదు వెనక రాయించుకుంటే సరి. యూరప్‌లోని చాలా హోటళ్లలో స్కీలకు, బూట్లకు ప్రత్యేక గది ఉంటుంది. తలుపుకు తాళం ఉన్నా, ఆ తాళపుచెవి హోటల్లో బస చేసిన అందరి దగ్గరా ఉంటుంది కాబట్టి దాన్ని వీధి ర్యాక్ కన్నా కొంచెం నయమైన చోటుగానే చూడాలి. కారు పైన కట్టి రాత్రి వదలడం అన్నిటికన్నా చెడ్డ ఎంపిక. అటు బూట్లను గదిలోకే తెచ్చుకోవాలి, దొంగ భయం ఒకటైతే, చలికి బిగుసుకుపోయిన ప్లాస్టిక్ బూటులో ఉదయాన్నే కాలు దూర్చడం ఇంకో శిక్ష.

కాగితమే అద్దెదారు తాళం

గుడి ముందు చెప్పులు పోతే పెద్దవాళ్లు శని వదిలిందిలే అని ఊరడిస్తారు. అద్దె స్కీలు పోతే శని వదలదు, అప్పుడే పట్టుకుంటుంది. వస్తువు దుకాణదారుది, పూచీ అద్దెదారుది. కాబట్టి అద్దెదారు నిజంగా కాపాడుకోవలసింది తాను కట్టిన డిపాజిట్‌ను, తాను ఇచ్చిన గుర్తింపు పత్రాన్ని. ఈ రక్షణ మంచు మీద మొదలవదు, దుకాణం బల్ల దగ్గర మొదలవుతుంది.

తీసుకునే ముందు స్కీల ఫోటోలు తీయాలి: పైభాగం, అడుగు, రెండు పక్కలు. స్కీ పక్క అంచు మీదనో పైభాగం మీదనో చిన్న అక్షరాల్లో సీరియల్ నంబరు ఉంటుంది. బైండింగు మీద దుకాణం వారు అంటించిన సొంత నంబరు ఉంటుంది. ఈ రెండూ రసీదు మీద ఉండాలి. వస్తువు పోతే ఎంత కట్టాలన్నది మాటల్లో కాక అంకెల్లో రాసి ఉండాలి. కొత్త జత ధరా, వాడిన జత ధరా అన్న ఒక్క ప్రశ్న ముందే అడిగితే, తరువాత వచ్చే తగువులో సగం తీరిపోయినట్టే. అసలు ఆధార్ కార్డును హామీగా వదలకూడదు. మొదటి ఎనిమిది అంకెలు కనిపించకుండా ముద్రించుకునే మాస్క్‌డ్ ఆధార్ ప్రతి చాలాచోట్ల సరిపోతుంది. ఐరోపా దుకాణాలు అద్దె మీద రోజుకు కొంత అదనంగా తీసుకుని దొంగతనానికి పూచీ తగ్గించే ఏర్పాటు చేస్తాయి. దాన్ని కొనే ముందు, తాళం వేయని జతకు కూడా వర్తిస్తుందా, పోలీసు నివేదిక అడుగుతారా అన్నవి చూసుకోవాలి.

ప్రయాణ బీమా ఉందన్న ధైర్యమూ ఇలాంటిదే. చాలా పాలసీల్లో చలికాలపు ఆటలు విడిగా కొనుక్కోవలసిన భాగం. అది ఉన్నా, కాపలా లేకుండా వదిలిన వస్తువుకు పరిహారం లేదనే వాక్యం ఎక్కడో ఉంటుంది. భోజనశాల ర్యాక్‌లో వదిలిన స్కీలు ఆ వాక్యం కిందికి వస్తాయా రావా అన్నది క్లెయిము వేళ పెద్ద చర్చ అవుతుంది. తాళం వేసి ఉన్న జత ఫోటో అప్పుడు పనికొచ్చే ఆధారం. బీమా కంపెనీ నిరాకరణ సబబుగా లేదనిపిస్తే, ఒడిశా నివాసులు బీమా ఫిర్యాదులు పరిష్కరించే, భువనేశ్వర్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. అద్దె దుకాణం డిపాజిట్ విషయంలో అన్యాయం చేసిందనుకుంటే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. అంటే గుల్మర్గ్ దుకాణంతో తగువుకు బరంపురం వాసి ఆ ఊరున్న బారాముల్లా జిల్లా దాకా తిరగనవసరం లేదు.

పోయిందని తెలిసిన తరువాత

మొదటి గంటలో పోలీసుల కన్నా ముందు చూడవలసింది ర్యాకులను. చుట్టుపక్కల ఉన్న అన్ని ర్యాకులనూ, దొరికిన వస్తువులు ఉంచే కార్యాలయాన్నీ, అద్దె దుకాణాన్నీ చూడాలి. పొరపాటున మారిపోయిన జత అయితే, దానికి బదులుగా అలాంటిదే ఇంకో జత అక్కడెక్కడో మిగిలి ఉండాలి. జనం పలచబడే సాయంత్రవేళ ర్యాక్ ఖాళీ అవుతూ వచ్చి, చివరికి ఎవరూ ముట్టని ఒకే ఒక్క జత నిలబడి ఉంటుంది. తన జత లాంటిదే, పొడవు మాత్రం ఐదు సెంటీమీటర్లు తేడా. దాని మీది దుకాణం నంబరును ఫోటో తీసి ఆ దుకాణానికి తీసుకుపోతే, ఆ నంబరు ఎవరి పేరున అద్దెకు వెళ్లిందో వారి పుస్తకంలో ఉంటుంది. పోయిన జత ఏ హోటల్లో ఉందో అలా తేలిపోతుంది. ఆ మిగిలిన జతను కోపంతో తానే తొడుక్కుని పోవడం మాత్రం తగదు. బైండింగు కొలత వేరు, చట్టం దృష్టిలో పరిస్థితి కూడా వేరు అవుతుంది.

అలాంటి జత ఏదీ మిగలకపోతే అది దొంగతనమే అనుకుని అదే రోజు ఫిర్యాదు చేయాలి. దొంగలు పడిన ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు, ఇంటికి తిరిగి వచ్చాక రాసే ఉత్తరాలను బీమా కంపెనీలు పట్టించుకోవు. చాలా పాలసీలు 24 గంటల్లో పోలీసు నివేదిక అడుగుతాయి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో దొంగతనం 303వ సెక్షన్ కిందికి వస్తుంది, మూడేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అదే రోజు నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు నమోదు చేయదగిన (కాగ్నిజబుల్) నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో పంపితే మూడు రోజుల లోపు సంతకం చేయాలి. ముందుగా తీసిన సీరియల్ నంబరు ఫోటో, రసీదు ప్రతి ఉన్న ఫిర్యాదుకు, నల్ల రంగు స్కీలు పోయాయని మాత్రమే చెప్పే ఫిర్యాదుకు తేడా స్టేషన్‌లో వెంటనే తెలిసిపోతుంది.

సొంత స్కీలున్నవారు కొద్దిమందే కాబట్టి వారి ప్రయాణం గురించి రెండు మాటలు చాలు. 1989 రైల్వే చట్టం 100వ సెక్షన్ ప్రకారం, బుక్ చేసి రసీదు తీసుకోని సామాను పోతే, రైల్వే సిబ్బంది నిర్లక్ష్యం వల్లే పోయిందని రుజువైతే తప్ప రైల్వేకు బాధ్యత లేదు. రాయగడలో సమతా ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఢిల్లీ వైపు వెళ్లేవారు స్కీ సంచిని బెర్తు కింది కొక్కేనికి గొలుసుతో కట్టినా, ఆ పొడవు నడవలోకి పొడుచుకొచ్చి అందరి కాళ్లకూ తగులుతుంది. రైల్లో సామాను పెట్టే బ్రేక్ వ్యాన్‌లో బుక్ చేసి రసీదు దగ్గర ఉంచుకోవడమే తిన్నని పని. విమానంలో అయితే సంచి రాకపోయినా, చిరిగి వచ్చినా, విమానాశ్రయం దాటకముందే అక్కడి కౌంటరులో నివేదిక రాయించాలి.

ఇక మిగిలింది చివరి సాయంత్రం. అందరూ ఒకేసారి సామాను తిరిగి ఇచ్చే వేళ దుకాణం గుమ్మం ముందు తొక్కిసలాటగా ఉంటుంది. లోపల బూట్లు విప్పి ఇచ్చే వరసలో నిలబడటానికి స్కీలను బయట గోడకు ఆనించి వెళ్తారు. వారమంతా తాళాలు వేసి, టేపులు అంటించి, కిటికీ పక్క బల్లలు వెతుక్కుని కాపాడిన జత ఆ ఐదు నిమిషాల్లో పోవచ్చు, లేదా ఇంకొకరి లెక్కలో జమ కావచ్చు. స్కీలను ముందు అప్పగించి, నంబరు సరిచూపించి, రసీదు మీద అందినట్టు సంతకం పెట్టించుకుని, డిపాజిట్ చేతికి వచ్చాకే బూట్ల బకిల్స్ విప్పుకోవాలి.